గురు అర్జునదేవుడు - నాలుగు ద్వారముల మందిరము

దేవాలయమును గట్టించుటకు ధనము చాలును. దాని ద్వారమును సర్వజనులకును దెరచి యుంచుటకు ధైర్యము కావలయును. మొదటి పని చేసిన రాజులును ధనికులును మన దేశమున లెక్కకు మిక్కిలిగ నుండిరి. రెండవ పని చేసినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆ కొలదిమందిలో సిక్కుల యైదవ గురువగు అర్జునదేవుడొకడు. ఆయన పంజాబునందలి అమృతసరమున గట్టించిన హరిమందిరమును నేడు లోకము సువర్ణమందిరమని పిలుచుచున్నది. దానిపైనున్న బంగారమును జూచి యబ్బురపడువారు వేలకొలది గలరు. ఆ బంగారపు రేకులు అర్జునదేవుని కాలమునకు రెండువందల సంవత్సరములకు దరువాత వచ్చినవి. ఆయన కట్టినది ఇటుకలతోను సున్నముతోను మాత్రమే. ఆ యిటుకల మందిరముయొక్క విలువ యెట్టిదో, దానికై యాయన యేమి సమర్పింపవలసివచ్చెనో తెలిసికొనుట ఏకేశ్వరోపాసకులమగు మనకు మిక్కిలి యవసరము గనుక, ఆయన చరిత్రము నిందు సంగ్రహముగ వ్రాయుచున్నాను.

జననము, బాల్యము

అర్జునదేవుడు 1563వ సంవత్సరము ఏప్రిలు నెలలో బియాసు నదీతీరమందలి గోయింద్వాలు గ్రామమున జన్మించెను. తండ్రి నాలుగవ గురువగు రామదాసు. తల్లి మూడవ గురువగు అమరదాసుని కూతురు భానీదేవి. బాల్యము తాతగారి యింట గడచెను. ఆ యిల్లు సామాన్యమైన యిల్లు గాదు. గురు అమరదాసుని దర్శింపవచ్చినవాడు ఎంతటివాడైనను ముందుగా లంగరనబడు భోజనశాలలో నేలమీద పంక్తియందు గూర్చుండి, ప్రక్కవాని కులమడుగక భుజింపవలయును, పిమ్మటనే గురుదర్శనము. ఆ గురువు సహగమనమును ఖండించెను; స్త్రీలకు ముసుగు తగదనెను. సహపంక్తి భోజనము చేసిన నేరమునకు మన యాంధ్రదేశమున సంస్కారులు వెలిబడిన దినములు మిగుల ప్రాచీనములు గావు. అట్టిది, పదునారవ శతాబ్దముననే పంజాబులోని యొక గ్రామమున నది నిత్యకృత్యమై యుండెను. బాలుడగు అర్జునుడు ఓనమాలతోపాటు ఆ పాఠమును గూడ నేర్చుకొనెను.

రామదాసునకు ముగ్గురు కుమారులు. జ్యేష్ఠుడగు పృథీచందు వ్యవహారదక్షుడు. కానుకల లెక్కలును, వచ్చిపోవువారి యాదరణమును ఆతని చేతిలోనే యుండెను. రెండవవాడగు మహాదేవుడు విరాగి. అర్జునుడు కడగొట్టువాడు. లాహోరులోని బంధువుల యింట వివాహమునకు బొమ్మని తండ్రి యడుగగా పెద్దకొడుకు నిరాకరించెననియు, అర్జునుడు మాఱుమాటాడక పోయి, తిరిగి రమ్మను నాజ్ఞ వచ్చువఱకు అక్కడనే యుండెననియు, ఆయన తండ్రికి వ్రాసిన లేఖలను అన్న దాచివేసెననియు సిక్కులు చెప్పుకొందురు. 1581లో రామదాసు గురుపీఠమును కడగొట్టు కుమారునకే యిచ్చి, ఆ సంవత్సరమే పరమపదించెను. అర్జునునకప్పుడు పదునెనిమిదేండ్లు.

పృథీచందు దానిని సహింపలేకపోయెను. తానే గురువునని ప్రకటించుకొని, వచ్చు కానుకలను దారిలోనే యడ్డగించుచు, అధికారులయొద్ద ఫిర్యాదులు చేయుచు జీవితాంతము తమ్మునకు శత్రువై యుండెను. దేవస్థానపు మిరాసీకై అన్నదమ్ములు తరములకొలది వ్యాజ్యమాడుటయు, ఆ వ్యాజ్యములో దేవుడే దివాలా తీయుటయు న్యాయవాదవృత్తిలోనున్న మావంటివారు నిత్యము చూచుచున్న విషయమే. అర్జునదేవుడు ఆ త్రోవను బోలేదు. పట్టణపు రాబడిని సోదరులకే విడిచిపెట్టి, తాను భక్తులు స్వయముగ దెచ్చియిచ్చిన దానితో గడుపుకొనెనని సంప్రదాయము. ఆ దినములలో గురుగృహమున ఒక్కొక్కప్పుడు పొయ్యి రాజలేదట.

హరిమందిర నిర్మాణము

రామదాసు గోయింద్వాలునకు గొన్ని క్రోసుల దూరమున నొక పట్టణమును నెలకొల్పి, యందొక తటాకమును త్రవ్వింప నారంభించియుండెను. ఆ తటాకమే అమృతసరము. దానినిబట్టియే పట్టణమునకు నాపేరు వచ్చినది. అర్జునదేవుడు దానిని ఇటుకలతో గట్టుపోయించి పూర్తిచేసి, 1588 ప్రాంతమున తటాకమధ్యమునందే యుపాసనా మందిరమునకు బునాది వేయించెను. ఆ బునాదిరాతిని లాహోరునందలి మహమ్మదీయ సాధువగు మియా మీరు గురుని ప్రార్థనమీద బెట్టెనని సిక్కులు తరతరములుగా జెప్పుకొనుచున్నారు. ఒక సమాజము తన ముఖ్యమందిరమును తలచుకొన్నప్పుడెల్ల అన్యమతస్థుని చేతినిగూడ గృతజ్ఞతతో దలచుకొనుట సామాన్యమైన విషయము గాదు.

ఆ కట్టడమునందు మూడు విశేషములు గలవు. మొదటిది ద్వారములు. మన దేవాలయములకు సాధారణముగ నొక ప్రధానద్వారముండును; ఆ ద్వారమున నెవ్వరెంతవఱకు రావలయునో కులమునుబట్టి నిర్ణయమై యుండెడిది. ఒకడు గర్భగృహద్వారము వఱకు, ఒకడు ధ్వజస్తంభము వఱకు, ఒకడు వీథి వఱకు, ఒకడు వీథికిని దూరముగ. హరిమందిరమునకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు. ఏ దిక్కునుండి వచ్చినవారైనను, ఏ వర్ణమువారైనను లోనికి రావచ్చునని దాని యర్థము.

రెండవది మందిరపు నెలవు. లోకమున దేవాలయములను ఎత్తైన యరుగులమీద గట్టుదురు. హరిమందిరమును చుట్టునున్న నేలకంటె పల్లమున గట్టిరి. దానిని జేరవలయునన్న రాజైనను మెట్లు దిగియే పోవలయును. దైవసన్నిధికి వినయముతో బోవలయునని నోటితో బోధించుట సులభము. కట్టడమే యా బోధను జేయునట్లు నిర్మించుట దూరదృష్టిగలవాని పని.

మూడవది విగ్రహము లేకుండుట. నిరాకారుడు, జన్మరహితుడునగు నొక్క దేవునే గురు నానకు బోధించియుండెను. ఆ బోధకనుగుణముగ అర్జునదేవుడు మందిరమున నే ప్రతిమను నిలుపలేదు. నామసంకీర్తనమే యక్కడి పూజ.

ఇంతపనికి ధనమెక్కడిది? అర్జునదేవుడు ఏ రాజును యాచింపలేదు. ప్రతి గృహస్థుడును తన సంపాదనములో పదియవ పాలు ధర్మమునకీయవలయునని నియమించి, దానిని గ్రామగ్రామమునుండి తెచ్చుటకు మసందులను ప్రతినిధుల కట్టుబాటును దృఢపరచెను. వ్యవసాయకులును, వర్తకులును, వడ్రంగులును సొమ్మిచ్చుటయేగాక స్వయముగ మట్టితట్టలు మోసిరి. మందిరము 1601 ప్రాంతమునకు పూర్తియయ్యెను. ఈ నడుమనే 1590లో తరన్‌తారన్ అను మఱియొక పట్టణమును నెలకొల్పి, అందు తటాకమును ద్రవ్వించెను. ఊరివారు వెడలగొట్టిన కుష్ఠరోగులకు అచ్చట నాశ్రయ మేర్పఱచెనని ప్రతీతి. 1598లో అక్బరు చక్రవర్తి గోయింద్వాలునకు వచ్చి గురుని దర్శించిపోయెను.

గ్రంథ సంకలనము

విగ్రహములేని మందిరమున నేమి ప్రతిష్ఠింపవలయును? ఈ ప్రశ్నకు అర్జునదేవుడిచ్చిన యుత్తరమే ఆది గ్రంథము. పూర్వగురువుల కీర్తనలు అక్కడక్కడ వ్రాతపుస్తకములలోను భక్తుల నోళ్లలోను చెదరియుండెను. పృథీచందుని పక్షమువారు నానకుని పేరుతో తమ పద్యములను జేర్చుచుండిరి. సత్యమైన పాఠమును నిర్ణయింపనిచో రెండుతరములలో ఏది గురువాక్యమో, ఏది కల్పితమో తెలియకపోవునని అర్జునదేవుడు గ్రహించెను. మేనమామయగు మోహనునియొద్ద నున్న పుస్తకములకై గోయింద్వాలునకు స్వయముగ వెడలి, ఆతని మేడ క్రింద నిలిచి పాటలు పాడి యాతని మనస్సు కరగించి తెచ్చెనని చెప్పుదురు. అమృతసరమునొద్ద రామసరమను చెఱువుగట్టున గూర్చుండి, విద్వాంసుడగు భాయి గురుదాసు వ్రాయుచుండగా గ్రంథమును గూర్చెను. ఆ గ్రంథము కీర్తనల రాగములనుబట్టి విభజింపబడినది. గురువు రచించిన కీర్తనలే రెండువేలకు పైగా గలవు. ఆయన రచించిన సుఖమని యను దీర్ఘకీర్తన నేటికిని అనేక గృహములలో నిత్యపారాయణము.

ఈ గ్రంథమునందలి గొప్పవిషయ మింకొకటి గలదు. ఇందు సిక్కుగురువుల వాక్కులు మాత్రమేగాక పదునేవురు ఇతర భక్తుల వాక్కులును జేరియున్నవి. వారిలో కాశీనగరపు సాలెవాడు కబీరు, చెప్పులు కుట్టు రవిదాసు, మహారాష్ట్రదేశపు దర్జీ నామదేవుడు, కసాయి సధనుడు, మంగలి సైనుడు, జాటు వ్యవసాయకుడు ధన్నుడు, మహమ్మదీయుడగు షేకు ఫరీదు గలరు. బ్రాహ్మణుడగు రామానందుడును గలడు. వీరి మాటలన్నియు నొకే యట్టల నడుమ, ఒకే పీఠముమీద, ఒకే గౌరవముతో నున్నవి. రవిదాసుని వీథిలోనికే రానీయని దేశమున రవిదాసుని పాటను గర్భాలయమున బాడించినవాడు అర్జునదేవుడు. తమ పద్యములనుగూడ చేర్చుమని కొందఱు కవులు వచ్చిరనియు, వారిలో స్త్రీజాతిని నిందించినవానిని గురువు త్రిప్పిపంపెననియు నొక కథ గలదు. వేదాంతులని పేరొందిన యెందఱి పద్యములకో మన దేశమున నీ పరీక్ష పెట్టియుండినచో నేమి మిగిలియుండునో పాఠకులే యూహింతురుగాక.

1604లో ఆ గ్రంథమును హరిమందిరమున ప్రతిష్ఠించి, వృద్ధుడును, గురు నానకుని స్వయముగ నెఱిగినవాడునగు బాబా బుఢ్ఢాను తొలి పఠనకర్తగ నియమించిరి. రాత్రివేళ గ్రంథమును తన గదిలో మంచముమీద నుంచి, తాను ప్రక్కనే నేలమీద బరుండుట అర్జునదేవునకు వాడుకయట. గురువు తానే యయ్యును తనకంటె సత్యవాక్యమే గొప్పదని యాయన యాచరణమున జూపెను. నూరేండ్లకుపైగా గడచిన పిమ్మట, 1708లో, మన గోదావరీతీరమందే నాందేడునందు పదియవ గురువగు గోవిందసింహుడు దేహము విడుచుచు, ఇక మనుష్యగురువు లేడనియు గ్రంథమే గురువనియు శాసించుటకు బీజము రామసరపు గట్టుననే పడినది.

బలిదానము

1605లో అక్బరు మరణింపగా జహంగీరు సింహాసనమెక్కెను. ప్రజలలో నెవ్వరికి అన్యాయము జరిగినను తిన్నగ తనకే మొఱపెట్టుకొనుటకు గంటలు గట్టిన బంగారు గొలుసును కోటనుండి వ్రేలాడదీయించుట తన తొలి యాజ్ఞయని యాతడు వ్రాసికొనెను. మఱుసటి సంవత్సరమే యా న్యాయముయొక్క స్వరూపము తేటపడినది. 1606 ఏప్రిలులో చక్రవర్తి పుత్రుడగు ఖుస్రూ తిరుగబడి పంజాబునకు బాఱిపోవుచు గోయింద్వాలు త్రోవను బోయెను. గురువు ఆతని నుదుట కుంకుమపువ్వు తిలకము దిద్దెనని చక్రవర్తికి దెలిసెను. అంతట గురుని బట్టితెచ్చి చంపుడనియు, ఆయన యిల్లును బిడ్డలను స్వాధీనపఱచుకొనుడనియు, ఆస్తిని జప్తుచేయుడనియు ఆజ్ఞ వెడలెను.

ఇందు నేరారోపణ పత్రము లేదు. సాక్షుల విచారణ లేదు. నిందితుని సమాధానము వినుట లేదు. తిలకము దిద్దుట నిజమనుకొన్నను అది రాజద్రోహమగునా యని యడిగినవాడు లేడు. చక్రవర్తి తన చరిత్రమును దానే వ్రాసికొనిన గ్రంథమే యాతనికి ప్రతికూలమగు సాక్ష్యము. హిందువులనేకులును, కొందఱు మహమ్మదీయులును గూడ నీ గురుని యనుసరించుచుండుట తనకు చిరకాలముగ గిట్టలేదనియు, ఆ వ్యాపారమును గట్టిపెట్టింపవలయుననిగాని, ఆయనను తన మతములో గలుపవలయుననిగాని ముందునుండియే తలచుచుంటిననియు నాతడందు తెలిపెను. కాబట్టి తిలకము నెపము మాత్రమే. నాలుగు ద్వారములే యసలు నేరము. అన్ని కులములవారును, రెండు మతములవారును కలిసి కూర్చుండు చోటు అధికారమునకెల్లప్పుడును కన్నెఱ్ఱయే.

లాహోరులో ఆయనను మండు వేసగిలో కాలిన పెనముమీద గూర్చుండబెట్టి, వేడియిసుకను మీద బోసి హింసించిరనియు, తుదకు రావినదిలో స్నానమునకు దింపగా నక్కడనే యదృశ్యుడయ్యెననియు సిక్కులు చెప్పుదురు. ఆ సంవత్సరమే లాహోరునుండి యొక క్రైస్తవ మతాచార్యుడు వ్రాసిన లేఖయందును గురుని హింసింపబడిన మరణము పేర్కొనబడినది. అది 1606 మే 30వ తేది. ఆయనకు నలువదిమూడేండ్లు. ఈ దుష్కార్యమును ఇస్లాము మతముమీద మోపుట న్యాయముగాదు. మందిరమునకు బునాదిరాయి బెట్టెనని సిక్కులు స్మరించు మియా మీరును ఆ మతమువాడే. ఫరీదు ఆ మతమువాడే. దోషము నిరంకుశాధికారమునది.

ఆ దినమును సిక్కులు జరుపుకొను రీతి గమనింపదగినది. ఎండలు మండు జ్యేష్ఠమాసమున వారు వీథుల ప్రక్కల చలివేంద్రములుపెట్టి, పాలును పంచదారయు గలిపిన చల్లని పానీయమును దారినిబోవు ప్రతివానికిని, కులమును మతమును అడుగక, చేతికందింతురు. తమ గురుని వేడియిసుకతో గాల్చిన లోకమునకు వారిచ్చు ప్రత్యుత్తరమది.

మందిరముయొక్క యనంతరచరిత్రము

తండ్రి మరణమునాటికి హరగోవిందునకు పదునొకండేండ్లు. ఆయన గురువై, ఖడ్గములు ధరించి, మందిరమున కెదుట అకాల తఖ్తను పీఠమును నెలకొల్పెను. తరువాతి శతాబ్దమున మందిరము పెక్కు కష్టముల పాలయ్యెను. 1762లో అఫ్గను ప్రభువగు అహమ్మదుషా దానిని మందుగుండుతో బేల్చివేసి తటాకమును బూడ్పించెను. సిక్కులు మఱల గట్టిరి. రణజీతుసింహుడు పందొమ్మిదవ శతాబ్దమున చలువరాళ్లును, బంగారు రేకులును తాపించెను.

శత్రువులు పడగొట్టిన గోడలను లేవనెత్తుట సులభమే. ఆపదలో ఆ మందిరములను గాచిన మహంతులును పూజారులును కాలక్రమమున వంశపారంపర్య హక్కుదారులైరి, ధర్మకర్తలు సొత్తుదారులైరి. విగ్రహములు లేవని ప్రతిజ్ఞ జేసిన మందిరపు ప్రదక్షిణమార్గమునందే విగ్రహములు వెలసెను. 1905లో వానిని దొలగించువఱకు నక్కడ పూజలు జరుగుచుండెను. 1849 తరువాత ఆంగ్ల ప్రభుత్వము నియమించిన యధికారియే మందిరమునకు గర్తయయ్యెను.

1920 అక్టోబరు 12వ తేదీని జరిగిన సంగతి వినదగినది. అంటరానివారని పేరుపడిన కులములనుండి క్రొత్తగ సిక్కులైన కొందఱు ప్రసాదము పట్టుకొని హరిమందిరమునకు వచ్చిరి. పూజారులు వారి చేతి ప్రసాదమును గైకొనమనిరి. నాలుగు ద్వారములును తెరచియే యున్నవి. మనుష్యుల హృదయములు మాత్రము మూసికొనియున్నవి. వివాదము ముదిరి, తుదకు గ్రంథమునే తీర్పరిగ నంగీకరించి, యాచారము ప్రకారము పుట తెరచి చదివిరి. వచ్చిన కీర్తన అధములనబడువారిని గూడ దేవుడు కరుణించునని యర్థమిచ్చునదయ్యెను. పూజారులు తలవంచి ప్రసాదమును స్వీకరించిరి. మూడువందల పదునాఱు సంవత్సరములకు బూర్వము అర్జునదేవుడు గూర్చిన పుస్తకము ఆయన ద్వారమును మఱల దెరచినది. ఆనాటినుండి గురుద్వారముల సంస్కరణోద్యమము బలపడి, అనేకులు ప్రాణములర్పింపగా 1925లో శాసనము పుట్టెను. దానివలన మందిరపాలనము వంశహక్కుదారుల చేతినుండి యెన్నుకోబడిన సంఘమునకు వచ్చెను. ఎన్నుకొను హక్కు స్త్రీలకును గలిగెను.

ఆ మందిరముచుట్టు 1984 జూనులో మఱల రక్తము ప్రవహించెను. సైన్యముయొక్క ప్రవేశమున అకాల తఖ్తు శిథిలమై, పెక్కుమంది యాత్రికులు ప్రాణములు గోల్పోయిరి. ఆ గాయమింకను మానలేదు. మఱియు హరిమందిరము లోపల కీర్తనముచేయు నవకాశమును స్త్రీలకీయవలయునని 2019లో పంజాబు శాసనసభ తీర్మానించి కోరవలసివచ్చెను. స్త్రీనింద చేసిన కవిని త్రిప్పిపంపెనను గురుని మందిరమునందే యిట్టి కోరిక యవసరమగుట చూడగా, సంస్కారము ఒకనాటితో ముగియు పని గాదని తేటపడుచున్నది.

మన కర్తవ్యము

బ్రాహ్మసమాజమునకు ఆ మందిరముతోడి సంబంధము నిన్నటిది గాదు. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు 1857లో అమృతసరమునకు బోయి, తటాకమధ్యమున నిరంతరముగ సాగు సంకీర్తనమున బాల్గొని పరవశులైరి. 1873లో బాలుడగు రవీంద్రనాథుని వెంటబెట్టుకొని మఱల వెడలిరి. లాహోరు బ్రాహ్మసమాజమునకు పోషకుడై, 1881లో ట్రిబ్యూను పత్రికను స్థాపించిన సర్దారు దయాళుసింహ మజీఠియాగారి తండ్రితాతలు హరిమందిరపు నిర్వాహకులుగ నుండినవారే. విగ్రహములేని యుపాసన, సర్వమతసారగ్రహణము, కులభేదనిరాకరణము అను మన మూడు సిద్ధాంతములను మనకు రెండువందల సంవత్సరములకు బూర్వమే ఇటుకలతో గట్టి చూపిన మందిరమది.

అయినను మనము గర్వింపవలసిన చోటిది గాదు. మనలను మనము పరీక్షించుకొనవలసిన చోటు. మన ప్రార్థనామందిరములలోను విగ్రహములు లేవు. మన ద్వారములకు గావలివారును లేరు. కాని యాదివారమునాడు మన బల్లలమీద నెవ్వరు కూర్చుండుచున్నారు? న్యాయవాదులు, ఉపాధ్యాయులు, ఉద్యోగస్థులు. వీథి నూడ్చువాడును, చెప్పులు కుట్టువాడును రావలదని మన మనలేదు, రండని యడుగనులేదు. అర్జునదేవుడు ద్వారము తెరచుటతో నూరకుండక, ద్వారము బయట నున్నవాని పాటను దెచ్చి లోపల బాడించెను. అతనితో గలిసి నేలమీద గూర్చుండి భుజించెను. ఆ రెండవ పనిని మనమింకను సరిగా నారంభింపలేదు.

తెరచిన ద్వారము దానంతట నది తెరచియుండదు. గాలి మూయును, స్వార్థము మూయును, అలవాటు మూయును. ప్రతి తరమును దానిని దన చేతితో మఱల దెరువవలసినదే. అట్లు తెరచు బలమును, తెరచినందుకు వచ్చు కష్టమును సహించు శాంతమును సర్వేశ్వరుడు మనకు ప్రసాదించుగాక.